గ్రహశకలం గని మీద హారర్ ఆట మొదటిసారి ఆడిస్తున్న, ఆడేటోళ్ళందరూ బాయి పిల్లలే. ఎట్ల చెయ్యాలె?

లాంపురూం, బల్లార్పూర్

అందరికీ నమస్తే. మాది బల్లార్పూర్, చంద్రపూర్ జిల్లా. ఉండేది మహారాష్ట్రల అయినా ఇంట్ల, గల్లీల తెలుగే. మా తాత కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గుబాయి పనికి ఇటు వచ్చిండు. నాయిన కూడా బాయిలనే చేసి రిటైరయిండు. నేను మాత్రం పైననే ఉన్న, తొమ్మిది, పది చదివే పిల్లలకు లెక్కల ట్యూషన్ చెప్త.

రెండేండ్ల సంది ఆన్‌లైన్ల వేరేవాళ్ళ టేబుళ్ళ మీద రోల్‌ప్లేయింగ్ ఆటలు ఆడుతున్న, అంటే ఒకడు కథ నడిపిస్తడు, మిగిలినోళ్ళు ఆ కథల మనుషులై ఆడుతరు. ఆడుడే గానీ ఆడించుడు ఎన్నడూ చెయ్యలే. ఇప్పుడు నలుగురు దోస్తులను మా ఇంట్ల కూసోబెట్టి మదర్‌షిప్ ఆడియ్యాలని పట్టు పట్టిన. ఈ ఆట తెల్వనోళ్ళకు రెండు ముక్కలు చెప్త. అంతరిక్షంల కూలి చేసుకునేటోళ్ళ కథ ఇది, భయం కథ. హీరోలు ఉండరు. టీమ్‌స్టర్ (ఓడల పనోడు), సైంటిస్ట్, ఆండ్రాయిడ్ (మనిషి రూపంల ఉన్న యంత్రం), మెరైన్ (సిపాయి) అని నాలుగు తీర్ల మనుషులు. ఆడించేటోన్ని వార్డెన్ అంటరు. పది ముఖాల డైస్ రెండు ఏస్తే 00 నుంచి 99 దాకా ఒక అంకె వస్తది. అది మన క్యారెక్టర్ అంకె కంటే తక్కువ పడితే పని అయినట్టు, లేకపోతే స్ట్రెస్ ఒకటి పెరుగుతది. ఆటగాళ్ళ పుస్తకం పీడీఎఫ్‌ను తయారు చేసినోళ్ళే ఉచితంగ ఇస్తున్నరు. అందుకే మా అసోంటోళ్ళ చేతికి వచ్చింది.

కథ నేనే రాసుకున్న. ఒక గ్రహశకలం మీద గని. వారం సంది అక్కడి నుంచి కబురు లేదు. మనోళ్ళు పోయి చూసి రావాలె. గని ఎందుకు పెట్టుకున్ననంటే నాకు తెలిసింది గదే. చిన్నప్పుడు నాయినకు డబ్బా ఇయ్యడానికి పిట్ కాడికి పోతే లాంపురూం కిటికీకి అతుక్కొని నిలబడేటోన్ని. వరుసగా గూళ్ళు, గూటికొక నంబరు, ఛార్జింగ్ పెట్టిన క్యాప్‌లాంపులు. దిగేటోడు తన నంబరు లాంపు తీస్కపోతడు. ఎక్కినంక మళ్ళ తెచ్చి పెడ్తడు. షిఫ్టు అయిపోయినా గూడు ఖాళీగుందంటే ఒక మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. ఒక్కోనాడు నాయిన ఆలస్యమైతే నేను ఆ ఒక్క గూటినే చూసుకుంట నిలబడేటోన్ని. అప్పుడు కడుపుల ఎట్లయ్యేదో, గది నాకు ఆ రాత్రి టేబుల్ మీద కావాలె.

భయం ఏందంటే, మా దోస్తులు నవ్వులాటగాళ్ళు. ఒకడు మొబైల్ షాపు, ఒకడు పేపర్ మిల్లుల కాంట్రాక్టు పని, ఒకడు రైల్వే పరీక్షలకు చదువుతున్నడు. నలుగురు కలిస్తే ముచ్చట్లే. పైనుంచి ఇప్పుడు మే నెల, మా చంద్రపూర్ ఎండలు మీకు తెలిసినవే, రాత్రి పది దాటినా కూలర్ లేనిది కూసోలేం. ఆ కూలర్ మోత మీద నేను మెల్లగ మాట్లాడితే ఎవనికి ఇనబడతది? డైస్ కూడా ఒక్క సెట్టే ఉన్నది, ఏడు డైస్‌లది.

ఇంకొకటి అసలైన సంగతి. నాలుగో దోస్తు నాయినకు మేం ఇస్కూల్ల ఉన్నప్పుడు బాయిల కప్పు కూలి కాలు పోయింది. వాడు దాని గురించి మాతోని ఎప్పుడూ మాట్లాడలే, మేం అడగలే. వానికి గని కథ ఆడియ్యొచ్చా? వేరే కథ పెట్టుకోవాల్నా? ఏదన్నా అంతరిక్ష ఆస్పత్రో, సరుకుల ఓడనో పెట్టుకుంటే అయిపాయె. కానీ అవి నాకు తెల్వయి. నేను భయపడనిది వాళ్ళను ఎట్ల భయపెడత?


కొండదారి, రాయగడ

తమ్ముడూ, మాది రాయగడ. ఇక్కడ ముగ్గురం తెలుగువాళ్ళం, ఇద్దరు ఒడియా స్నేహితులు కలిసి ఆడుతుంటాం. నేను మదర్‌షిప్ ఆడించి ఏడాది దాటింది. డైస్ సంగతి, కూలర్ సంగతి తరవాత. ముందు నా మొదటి రాత్రి ఎలా పాడైందో చెప్తాను, అదొక్కటి తప్పించుకున్నావంటే సగం గట్టెక్కినట్టే.

నేనేటి చేశానంటే, ప్రతిదానికీ డైస్ వేయించాను. తలుపు తియ్యాలా, వెయ్యి. గోడ మీద రాత చదవాలా, వెయ్యి. ఈ ఆటలో క్యారెక్టర్ అంకెలు రెండు పది ముఖాల డైస్ వేసి, ఆ రెండూ కూడి, దానికి 25 కలిపితే వచ్చేవి. లెక్కల మాస్టారివి, నీకు చెప్పక్కర్లేదు, సగటు 36. అంటే చేతిలో నైపుణ్యం లేకపోతే వందలో 64 సార్లు తప్పుతుంది. తప్పిన ప్రతిసారీ స్ట్రెస్ ఒకటి. స్ట్రెస్ 2 దగ్గర మొదలవుతుంది కదా, నా వాళ్ళకి గంటలో 10కి చేరిపోయింది. పానిక్ చెక్ అంటే ఇరవై ముఖాల డైస్ మీద స్ట్రెస్ కంటే ఎక్కువ పడాలి. 2 ఉన్నప్పుడు పదిలో ఒకసారి పోతుంది, 10 ఉన్నప్పుడు రెండిట్లో ఒకసారి పోతుంది. ఇంకా రాక్షసి గుమ్మంలోకి రాకముందే మా వాళ్ళంతా కేకలు పెట్టడం, పారిపోవడం. భయం లేదు, గందరగోళం మిగిలింది. తప్పు ఆటది కాదు, నాది.

రెండోసారి ఇలా చేశాను. సరైన పనిముట్టు ఉంది, తీరిక ఉంది, పని తెలిసినవాడు. ఇక డైస్ ఎందుకు? పని అయిపోయింది అనేశాను. తీరిక లేనప్పుడు, వెనకాల ఏదో వస్తున్నప్పుడు మాత్రమే చేతిలో డైస్ పెట్టాను. అదీ, తప్పితే ఏమవుతుందో ముందే చెప్పి. ‘ఈ తలుపు ఒక్క నిమిషంలో తెరుచుకోకపోతే నీ గాలి గొట్టం తెగుతుంది, వేస్తావా?’ అని అడిగితే వాడు డైస్ పట్టుకుని ఆలోచిస్తాడు చూడు, ఆ క్షణం కోసమే ఈ ఆట. నైపుణ్యాలకి 10, 15, 20 కలుస్తాయి. 11, 22 లాంటి జంట అంకెలకి ప్రత్యేకం ఉంది. 90 నుంచి పైన ఎప్పుడూ తప్పే. ఇవన్నీ మొదట్లోనే ఏకరువు పెట్టకు, వచ్చినప్పుడు చెప్పు.

వార్డెన్ పుస్తకంలో రాక్షసి కథకి అయిదు మెట్లు చెప్తారు. నేను వాటికి మన మాటలు పెట్టుకున్నాను: అపచారం, శకునాలు, ప్రత్యక్షం, సాగనంపడం, మళ్ళీ నిద్ర. అమ్మవారికి కోపమొచ్చిన కథలు విని పెరిగినవాళ్ళం, ఈ వరస మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. ముందు ఎవరో తవ్వకూడనిచోట తవ్వారు. అది నువ్వు రాసుకో. తరవాత శకునాలు. నీ ఆట మూడు గంటలైతే రెండు గంటలు శకునాల్లోనే ఉండనీ. కొత్తవాళ్ళం అక్కడే తొందరపడతాం, రాక్షసిని తయారు చేసుకున్నాం కదా, చూపించీయాలని చెయ్యి దురద పెడుతుంది. చూపించకు.

ఒక సెట్టు డైస్ చాలు, చేతులు మారతాయి. పానిక్‌కి మాత్రం ఇంట్లో తంబోలా ఉంటే 1 నుంచి 20 బిళ్ళలు సంచిలో వేసి తియ్యమను. చెయ్యి లోపల పెట్టి తడుముకుంటున్నప్పుడు మొహం చూడు.

ఇంకోటి, ఈ ఆటలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన నియమం. ఎవడైనా చావుబతుకుల్లో పడిపోతే పది ముఖాల డైస్‌ని టీ కప్పు కింద వేస్తారు. ఎవరూ చూడకూడదు. ఇంకొక క్యారెక్టర్ వచ్చి నాడి పట్టుకుంటేనే కప్పు ఎత్తాలి. అప్పటిదాకా వాడు బతికున్నాడో లేదో వార్డెన్‌కి కూడా తెలీదు. దీన్ని మాత్రం వదిలీకు.

సొంత కథ బరువైతే ఇప్సిలాన్ 14 అని ఒకే కాగితం మడతలో వచ్చిన సాహసం ఉంది, అదీ గ్రహశకలం గనిలోదే. కానీ నీ లాంపురూం చదివాక నీ కథే ఆడించమంటాను.


సూక్ష్మదర్శిని, పర్లాకిమిడి

కళాశాలలో భౌతికశాస్త్రం చెబుతాను. ఆట గురించి పై సోదరుడు చెప్పినంత నాకు తెలియదు, ఒకటి రెండుసార్లు ఆడానంతే. గ్రహశకలం గురించి మాత్రం చెప్పగలను, మీకు పనికొస్తుందనే అనుకుంటున్నాను.

మనం గ్రహశకలం అంటే ఒకే పెద్ద బండ అనుకుంటాం. చిన్నవాటిలో చాలావరకు అలా ఉండవు. బెన్ను అనే గ్రహశకలం అడ్డంగా సుమారు 500 మీటర్లు. నాసా పంపిన ఒసైరిస్-రెక్స్ నౌక 2020 అక్టోబరు 20న దాని మీద చెయ్యి ఆనించింది. గట్టి నేల తగులుతుందనుకుంటే ఆ చెయ్యి సుమారు అర మీటరు లోపలికి దిగిపోయింది. ఇంజన్లు వెనక్కి మండించబట్టి బయటపడింది కానీ, లేకపోతే ఇంకా దిగుతూనే ఉండేదని ఆ శాస్త్రవేత్తలే చెప్పారు. అక్కడి నుంచి 2023 సెప్టెంబరులో భూమికి చేరిన మట్టి 121.6 గ్రాములు. బెన్ను అంటే రాళ్ళు, గులకలు ఒకదాన్ని ఒకటి అంటిపెట్టుకున్న కుప్ప. పట్టి ఉంచే గురుత్వం నామమాత్రం.

అందుకని మీ గనిలో కప్పు కూలదు. కూలడానికి బరువు ఉండాలి కదా. రాయి ఊడితే తీరుబడిగా తేలుతూ వస్తుంది. ధూళి లేస్తే చాలాసేపు కిందికి దిగదు. ఒక మలుపులో ధూళి ఇంకా తేలుతూ ఉందంటే ఇందాకే అటు ఏదో వెళ్ళిందని మీ వాళ్ళకి అర్థమవాలి. అడుగుల జాడ కంటే ఇది బాగుంటుంది. గాలి లేని సొరంగంలో శబ్దం వినిపించదు, కానీ చేతొడుగుతో గోడని ముట్టుకుంటే రాతిలోంచి వచ్చే అదురు తెలుస్తుంది. అదురు వచ్చిందని చెప్పండి, దేనిదో చెప్పకండి.

మీ నాలుగో స్నేహితుడి విషయంలోనూ ఇది ఒక దారి అవుతుందేమో చూడండి. శాస్త్రమే కప్పు కూలడాన్ని తీసేస్తోంది. కానీ ఆయన్ని అడగకుండా ఇది సరిపోతుందని అనుకోవద్దు.


మహాకాళి జాతర, చంద్రపూర్

తమ్మీ, నీ పక్క ఊరే నాది. మా నాయిన కూడా అండర్‌గ్రౌండ్‌లనే చేసిండు. నీ పోస్టుల ఆ ఖాళీ గూడు చదివి ఫోన్ పక్కకు పెట్టి కొద్దిసేపు ఊకున్న. ఇంత సంగతి నీ దగ్గర ఉన్నప్పుడు అంతరిక్ష ఆస్పత్రి ఎందుకు?

దోస్తు ముచ్చట ఒక్కటే చెప్త. నలుగురు ఉన్నప్పుడు అడగకు. మగపిల్లలు నలుగురిల ఉంటే ‘అరే ఏం కాదురా’ అనే అంటరు. ఇంటికి పోయి ఒక్కన్ని అడుగు, లేకపోతే ఫోన్ చెయ్యి. ‘ఆడొచ్చా’ అని కూడా అడగకు, దానికి జవాబు అవునే వస్తది. ‘ఇది బాయి కథరా, దీంట్ల ఏది రావద్దు చెప్పు’ అని అడుగు. వాడు ఒకటి చెప్తడు, రెండు చెప్తడు. ఎందుకని మల్ల అడగకు. రాసుకొని ఆ రెండు నీ కథల నుంచి తీసెయ్. మిగిలిన ముగ్గురిని కూడా అట్లనే ఒక్కొక్కల్ని అడుగు, ఎవని లోపల ఏముందో మనకు తెల్వది.

దాంతోపాటు జాన్ స్టావ్రొపోలస్ అనే ఆయన మొదలుపెట్టిన ఎక్స్ కార్డు ఉన్నది, నేను ఆడిన ప్రతి టేబుల్ మీద పెడ్తరు. అట్టముక్క మీద ఇంటు గుర్తు గీసి నడుమ పెట్టుడే. ఎవరన్నా దాన్ని ముట్టుకుంటే అప్పుడు చెప్తున్న సంగతి అక్కడికక్కడే ఇడిచిపెట్టి ముందుకు పోవాలె. కారణం అడగొద్దు. దాన్ని ఎవ్వరూ ముట్టకపోయినా నడుమ ఉండాలె. ముట్టొచ్చని తెలిస్తేనే మనిషి భయం కథల గుండె పెట్టి కూసుంటడు.

శకునాల గురించి రాయగడ అన్న చెప్పింది నిజం. మా తమ్ముడు తాడోబ పులుల అడవిల టూరిస్టుల జిప్సీ తోలుతడు. పులి కావాల్నంటే పులి కోసం చూడడు. ఇంజన్ బంద్ చేస్తడు. ఇంటడు. కొండముచ్చు చెట్టు మీదకెళ్ళి దగ్గినట్టు అరుస్తది, దుప్పి ఒక్క కూత పెడ్తది. అంతే, టూరిస్టులందరు గప్‌చుప్. పులి ఇంకా ఎక్కడుందో ఎవ్వరికీ తెల్వది, కానీ ఉన్నదని ఒంటికి తెలుస్తది. నీ గనిల కొండముచ్చు ఎవరో ఆలోచించు.

కూలర్ మోత గురించి ఎందుకు బాధపడుతున్నవో నాకు సమజ్ కాలే. బాయిల గాలి ఆడించే పెద్ద ఫ్యాన్ మోత ఇనుకుంటనే పెరిగినం కదా మనం. అది ఆగితే ఏమయితదో నీకు తెల్వదా?


లాంపురూం, బల్లార్పూర్

అక్కా, అన్నా, సార్, అందరికీ దండాలు. మొన్న ఆదివారం రాత్రి ఆడించిన. అయినదంతా రాస్త, జర పొడుగున్నది.

ముందు దోస్తుకు ఫోన్ చేసిన. అక్క చెప్పినట్టే అడిగిన. కొద్దిసేపు మాట్లాడలే. తర్వాత, ‘కప్పు కూలుడు వద్దు, అంబులెన్సు సైరన్ అసోంటి మోత వద్దు’ అన్నడు. నేను సరే అని పెట్టేయబోతుంటే వాడే మళ్ళ, ‘లాంపులు ఉంటయా?’ అని అడిగిండు. ఉంటయి అన్న. ‘నా మనిషికి మా నాయిన లాంపు నంబరు ఇయ్యి. నాయిన ఇప్పటికీ ఆ నంబరు చెప్తడు’ అన్నడు. ఆ నంబరు ఇక్కడ రాయను. ఇన్నేండ్ల దోస్తానంల వాడు ఆ దినం గురించి నాతోని అన్న మొదటి మాట అది.

బోర్డు తయారు చేసిన. పాత క్యాలెండర్ అట్ట, పైన గనోళ్ళకు 12 మేకులు, కింద మనోళ్ళకు నాలుగు. లాంపులకు బదులు సోడా మూతలకు చిల్లు పెట్టి దారం కట్టిన. పై వరుసల తొమ్మిది మూతలు ఏలాడదీసిన, మూడు మేకులు ఖాళీ. ఏం చెప్పలే. లోపలికి రాంగనే అందరు అటే చూసిండ్రు, మొబైల్ షాపోడు ‘ముగ్గురు కిందున్నర్రా’ అన్నడు. వీళ్ళకు వివరించే పని లేదు, నాకు అప్పుడే ధైర్యమొచ్చింది.

మొదటి అర్ధగంట నేను బాగ చెయ్యలే. రాసుకున్నది అంత చదివిన. గనిల దారి ఎట్లుంది, గోడ రంగేంది, పైపులు ఎన్ని. పేపర్ మిల్లోడు ఫోన్ తీసిండు. అప్పుడు కాయితాలు బోర్ల పెట్టి, ‘నీ చెయ్యి గోడ మీద పెట్టినవు, లోపట ఏదో అదురుతుంది’ అన్న. వాడు ఫోన్ కింద పెట్టి, ‘ఎంత దూరంల?’ అని అడిగిండు. నేను రాసుకున్నదాంట్ల దానికి జవాబు లేదు. లేదనే చెప్పిన, ‘తెలుస్తలేదు’ అని. అక్కడి నుంచి ఆట నడిచింది. పర్లాకిమిడి సార్ చెప్పిన ధూళిని మూడుచోట్ల వాడిన. మూడోసారి ‘ధూళి’ అనంగనే పరీక్షలోడు వెనక్కి తిరిగి మా వంటింటి దిక్కు చూసిండు, ఆటల కాదు, నిజంగనే.

డైస్ తక్కువ ఏయించిన, మొత్తం రాత్రిల ఇరవై సార్లు కూడా ఏసి ఉండరు. పానిక్ మాత్రం ఒకసారి మర్చిపోయిన. 99 పడ్డప్పుడు పానిక్ చెక్ చేయియ్యాలె, ముచ్చట్ల పడి ఇడిచిపెట్టిన. ఎవ్వరూ అడగలే గానీ నాకు ఇప్పటికీ గుచ్చుతుంది.

ఇగ కూలర్. మొదట్లనే చెప్పిన, ఈ మోతనే గని గాలి ఫ్యాన్ మోత అని. రెండు గంటలు దాని పక్కనే ఆడినం, చెవులు దానికి అలవాటు పడ్డయి. పదకొండు దాటినంక వాళ్ళు కింద పనిముట్ల గదిల ఉన్నప్పుడు నేను మాట మధ్యల ఆపి, చెయ్యి చాపి స్విచ్చి బంద్ చేసిన. ఏం చెప్పలే. అంత మోత ఒక్కసారి ఆగేసరికి ఇంట్ల గోడ గడియారం ఇనబడ్డది. నలుగురు తల పైకెత్తిండ్రు. మా నాయినలు బాయిల ఫ్యాన్ ఆగితే ఎట్ల తల ఎత్తేటోళ్ళో ఇంటి కాడ చేసి చూపించేటోళ్ళు, అచ్చం అట్లనే. పరీక్షలోడు చిన్న గొంతుతోని ‘ఫ్యాన్ ఆగింది’ అన్నడు. మూడు నిమిషాలకు మెడల మీద చెమట. కిటికీ తియ్యమని ఒక్కడు కూడా అనలే. గాలి ఎన్ని నిమిషాలకు సరిపోతదో ఏళ్ళ మీద లెక్కపెట్టుడు మొదలుపెట్టిండ్రు.

వాళ్ళు లాంపురూంకు వెనక్కి ఉరికి వచ్చినప్పుడు ఇంకొకటి చేసిన. అందరు నేను గీసిన దారుల పటం మీద పడి ఉన్నరు, నేను లేచి నీళ్ళు తాగినట్టు చేసి బోర్డుకు పదో మూత తగిలిచ్చిన. ఆ మూతను పది నిమిషాల సంది పిడికిట్ల పట్టుకొనున్న. మళ్ళ వచ్చి కూసున్న. చానసేపు ఎవ్వరూ చూడలే. నాకు గుండె దడదడ కొట్టుకుంటుంది, చెప్పాల్నా వద్దా అని. చివరికి మొబైల్ షాపోడు తన మూత పెట్టడానికి బోర్డు దగ్గరికి పోయి ఆగిపోయిండు. ఏలు పెట్టి లెక్కపెట్టిండు. ‘పదున్నయి’ అన్నడు. ‘మనల్ని దాటి ఎవ్వడూ రాలే కదరా.’ ఆ మూతను పట్టుకొని, ‘వేడిగుంది’ అన్నడు.

నవ్వులాటగాళ్ళని రాసిన కదా వీళ్ళను. ఒక్కడు నవ్వలే. ఆ మూతను తీస్కొని ఒకరి చేతుల నుంచి ఒకరి చేతులకు ఇచ్చుకున్నరు. రాక్షసి బొమ్మ కోసం నేను వారం రోజులు రాసిన రెండు పేజీలు అట్లనే ఉన్నయి, వాటిని తియ్యనే లేదు.

ఎక్స్ కార్డు ఎవ్వరూ ముట్టలే. కానీ నాలుగో దోస్తు మొత్తం ఆట దాని పక్కనే చెయ్యి పెట్టుకొని ఆడిండు. అక్కా, నువ్వు అన్నది అప్పుడు సమజైంది.

ఇగ అసలు అడగాల్సింది. రెండోసారి కిందికి దిగినప్పుడు వాని టీమ్‌స్టర్ పడిపోయిండు. కిందున్న ముగ్గురిల ఒక మనిషి బతికే ఉన్నడు, ఆయన్ను ముందు తోసి వీడు వెనక మిగిలిండు. ఎవ్వరు చెప్పలే, వాడే చేసిండు. నేను స్టీలు గిలాస కింద డైస్ ఏసి బోర్ల పెట్టిన. మిగిలిన ముగ్గురికి వెనక్కి పోయి నాడి చూసే టైం లేదు, ఓడ ఎక్కిండ్రు. తమ మూడు మూతలు పెట్టిండ్రు. కింది వరుసల ఒక మేకు ఖాళీ. ఆట అయిపోయింది, రాత్రి ఒంటిగంట. గిలాస అట్లనే టేబుల్ మీద ఉన్నది. ఎత్తుదమా అని పేపర్ మిల్లోడు అడిగితే దోస్తే వద్దన్నడు, ‘నాడి ఎవరూ చూడలే కదా.’

పొద్దుగాల అమ్మ డాబా మీదకెళ్ళి దిగొచ్చి చాయ్ పెట్టుకుంట ఆ గిలాస ఎత్తింది. డైస్ దొర్లి కింద పడ్డది. ఎంత పడ్డదో అమ్మ చూడలే, చూసినా ఆమెకు దాని సంగతి తెల్వది. ఇప్పుడు ఎవ్వరికీ తెల్వది. నేనేం చెయ్యాలె? మళ్ళ ఏయించాల్నా? నేనే బతికిండని చెప్పాల్నా? వానికి అబద్ధం చెప్పినట్టయితదేమో అని భయం.


కొండదారి, రాయగడ

తమ్ముడూ, మొదటి రాత్రికే ఇది చేశావా? చదువుతుంటే నా ఒళ్ళు జలదరించింది.

నువ్వేమీ చెప్పకు. బతికాడనీ వద్దు, పోయాడనీ వద్దు. ఆ డైస్ పడిందే కానీ ఎవరూ చూడలేదు, అంటే ఆ నియమం ఇంకా తీరలేదు. ఎవరైనా మళ్ళీ వెళ్ళి ఆ మనిషి మెడ మీద చెయ్యి వేసినప్పుడు గ్లాసు కింద కొత్తగా వెయ్యి. అప్పుడు ఎత్తు. ఏం పడితే అదే. దానికి మీ నలుగురూ ముందే ఒప్పుకుని కూర్చోండి. ముఖ్యంగా వాడు.


మహాకాళి జాతర, చంద్రపూర్

అన్న చెప్పిందే సరి. కానీ తమ్మీ, వెనక్కి పోవాల్నా వద్దా అని ఆ ముగ్గురు తేల్చే ముందు వాన్ని ఒక్కన్ని మళ్ళొకసారి అడుగు. ఈసారి ఫోన్ల కాదు, ఇంటికి పో.


లాంపురూం, బల్లార్పూర్

పోయిన అక్కా, నిన్న పొద్దుమూకి. వాళ్ళ నాయిన అరుగు మీద కుర్సీల కూసున్నడు. దోస్తు ఆట సంగతి అంతా ఆయనకు చెప్పిండట, నేను పోయేసరికే. ‘మీ బాయిల లాంపు ఎన్ని గంటలు వెలుగుతదిరా?’ అని నన్ను అడిగిండు పెద్దనాయిన. నేను దాన్ని రాసుకోలే, అదే చెప్పిన. ‘రాసుకో. షిఫ్టుకంటే జరంత ఎక్కువే ఉంటది. అది ఉన్నంతసేపు ఎతకాలె’ అన్నడు.

వచ్చే ఆదివారం రాత్రి తొమ్మిదింటికి ముగ్గురు వెనక్కి దిగుతున్నరు. దోస్తు ఈసారి కొత్త క్యారెక్టర్ తీసుకోనన్నడు, పడిపోయినోని పక్కనే కూసుంటనన్నడు. లాంపుకు పన్నెండు గంటలు అని రాసుకున్న. బోర్డు గోడకే ఉన్నది, తియ్యొద్దని అమ్మకు చెప్పిన.